'హ్యాడ్' ఎక్కడ వాడాలో ముసలి జాలరి దగ్గర నేర్చుకున్నాను

డిగ్రీలో ఇంగ్లీషు వ్యాసం రాసిన ప్రతిసారీ నా పేపర్ నిండా ఎర్ర గీతలే. జరిగిపోయిన ప్రతి పనికీ 'హ్యాడ్' తగిలించేసేదాన్ని. నిన్న బజారుకు వెళ్ళాను అనడానికి కూడా 'ఐ హ్యాడ్ గాన్' అనే రాసేదాన్ని. రూల్ కంఠతా వచ్చు, రాసేటప్పుడు మాత్రం ఒకటే టెన్షన్.

అమెరికన్ రచయిత హెమింగ్వే 1952లో ప్రచురించిన 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ' అనే ముసలి జాలరి కథ అప్పుడు మాకు పాఠ్యాంశం. మొదటి వాక్యంలోనే దారి దొరికింది. ముసలాయన ఒంటరిగా చేపలు పట్టేవాడు, ఇది మామూలు భూతకాలం. అప్పటికి 84 రోజులుగా ఒక్క చేపా పడలేదు, ఇక్కడ 'హ్యాడ్ గాన్'. కథ నడుస్తున్న సమయానికి ముందునుంచీ ఉన్న సంగతి కాబట్టే ఆ 'హ్యాడ్'. తెలుగులో ఆ పని 'అప్పటికి', 'అప్పటికే' అనే మాటలు చేస్తాయి. నాకు దొరికిన కిటుకు అదే. వాక్యాన్ని తెలుగులో అనుకుని, 'అప్పటికే' కుదిరితేనే 'హ్యాడ్' రాయడం మొదలుపెట్టాను.

తర్వాత రోజుకో పేరా చదివి, పుస్తకం మూసి, నా మాటల్లో రాసి పోల్చుకునేదాన్ని. ఇంకో తప్పు అప్పుడే బయటపడింది. మనం 'లేచి, తిని, వెళ్ళి' అని కలుపుతాం కదా, వాటన్నిటికీ నేను 'ఆఫ్టర్' పెట్టేదాన్ని. హెమింగ్వే చాలాచోట్ల మామూలు క్రియలనే 'అండ్'తో కలుపుకుంటూ పోతాడు. ఎంత హాయైన నడకో!

నాలుగు వారాలకు మా ఊరి చెరువు మీద ఒక పేజీ రాశాను. 'హ్యాడ్' మూడు చోట్లే వచ్చింది, మూడూ సరైనవే. ఆ పేజీ ఇప్పటికీ ఆ పుస్తకంలోనే దాచుకున్నాను.