ఉన్నట్టుండి పోయిన వినికిడి: మళ్లీ పోతే ఏం చేయాలి, తిరిగి రాకపోతే ఏం చేయాలి?

ఒక చెవి 3 రోజుల లోపే వినపడకుండా పోయి, చికిత్సతో కొంతో పూర్తిగానో కోలుకున్నవాళ్ల కోసం ఇది. ఇలాంటి కేసుల్లో దాదాపు 90 శాతం మందికి కారణం తేలదు. చాలామందికి అది ఒక్కసారితో సరిపోతుంది. మళ్లీ మళ్లీ వస్తోందంటే మాత్రం వెనక మరో జబ్బు ఉందేమో వెతకాలి.

అదే చెవి మళ్లీ దిబ్బడేసింది

గులిమి అడ్డుపడి ఉండొచ్చు, జలుబుతో కర్ణభేరి వెనక నీరు చేరి ఉండొచ్చు, లేదా లోపలి చెవి మళ్లీ దెబ్బతిని ఉండొచ్చు. నోరు మూసుకుని 'మ్‌మ్' అని గొంతుతో శబ్దం చేయండి. దిబ్బడేసిన వైపే గట్టిగా వినిపిస్తే గులిమి, నీరు లాంటి అడ్డంకి కావచ్చు. రెండో వైపు వినిపిస్తే లోపలి చెవినో నరాన్నో అనుమానించాలి. పోయినసారి లోపం ఆ చెవిలో కొంత మిగిలిపోయి ఉంటే మాత్రం ఈ చిట్కాను నమ్మొద్దు, శబ్దం ఎలాగూ మంచి చెవి వైపే వెళ్తుంది.

ఏది వినిపించినా ఆ రోజో మర్నాడో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించుకోండి. పాతది ఫోన్‌లో ఉంచుకుంటే రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. వరసగా 3 ఫ్రీక్వెన్సీల్లో (బరువు నుంచి సన్నం దాకా ఉండే శబ్దాల మెట్లలో) వినికిడి 30 డెసిబెళ్లు లేదా అంతకుమించి తగ్గితే దాన్ని అసలైన దెబ్బగా లెక్కిస్తారు. స్టెరాయిడ్లు మొదటి 2 వారాల్లోపు మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. 'పోయినసారి తగ్గిందిగా, చూద్దాం' అనుకునే ధీమాయే ఇక్కడ ఎక్కువ నష్టం చేస్తుంది. అలాగని ఇంట్లో మిగిలిన మాత్రలు సొంతంగా వేసుకోకండి. షుగర్ ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పండి, ఈ మందులతో అది బాగా పెరుగుతుంది.

బరువైన శబ్దాలు పోతూ వస్తూ ఉన్నాయి, చెవి నిండుగా ఉంది

తక్కువ ఫ్రీక్వెన్సీల్లో, అంటే బరువైన శబ్దాల్లో వచ్చే లోపం త్వరగా తగ్గుతుంది, కానీ తిరగబెట్టేదీ ఎక్కువగా ఇదే. దానికి తోడు 20 నిమిషాల నుంచి 12 గంటల దాకా కళ్లు తిరుగుతుంటే అది మెనియర్స్ అనే లోపలి చెవి వ్యాధి కావచ్చు. దాడి ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, వినికిడి తగ్గిందా అన్నది రాసిపెట్టుకోండి. నిర్ధారణకు ఆ కాగితం చాలా పనికొస్తుంది. ఉప్పు తగ్గించమంటారు, కొందరికి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు ఇస్తారు. వీటికి గట్టి రుజువులు తక్కువే అయినా ఉప్పు తగ్గించి చూడటంలో పెద్ద నష్టం లేదు.

కళ్లు తిరగడంతో పాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒకటి రెండుగా కనిపించినా అది పక్షవాతం కావచ్చు. చెవి సంగతి తర్వాత, ముందు ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఈసారి రెండో చెవి

ఇది అరుదు, అందుకే తేలిగ్గా తీసుకోకూడదు. శరీర రక్షణ వ్యవస్థే లోపలి చెవి మీద దాడి చేసే జబ్బులు, సిఫిలిస్ లాంటివి రెండు చెవులనూ పట్టుకుంటాయి. రక్త పరీక్షలు చేయించాలి. స్టెరాయిడ్ తగ్గించగానే వినికిడి మళ్లీ పడిపోతుంటే ఆ విషయం డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

తగ్గిపోయింది కదా, ఎంఆర్‌ఐ ఎందుకు?

వినికిడి నరం మీద పెరిగే కణితి కొద్దిమందిలో ఇలాగే బయటపడుతుంది. అది క్యాన్సర్ కాదు. చిక్కేమిటంటే, కణితి ఉన్నా స్టెరాయిడ్‌కు వినికిడి తిరిగి రావొచ్చు. కాబట్టి కోలుకున్నా స్కాన్ మానొద్దు.

వారాలు గడిచినా రాలేదు

రావాల్సిన వినికిడిలో ఎక్కువ భాగం మొదటి 2 వారాల్లోనే వస్తుంది. మొదట్లోనే కళ్లు బాగా తిరిగినవాళ్లకు, పూర్తిగా చెవుడు వచ్చినవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు అవకాశం తక్కువ. మాత్రలు పనిచేయకపోతే 2 నుంచి 6 వారాల మధ్య కర్ణభేరి గుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. అది దాటాక ఆసుపత్రులు మారుస్తూ ఖరీదైన మందులు వాడటం కన్నా, మిగిలిన వినికిడితో ఎలా నెగ్గుకురావాలో చూడటమే మేలని నా అభిప్రాయం.

చికిత్స ముగిశాక ఒకసారి, 6 నెలల్లోపు మరోసారి ఆడియోగ్రామ్ తీయించండి. కొంత వినికిడి మిగిలితే హియరింగ్ ఎయిడ్ చాలు. చెవిలో హోరు కూడా చాలామందికి దానితో తగ్గినట్టు ఉంటుంది. ఆ చెవి పూర్తిగా పోతే అటువైపు శబ్దాన్ని మంచి చెవికి పంపే క్రాస్ పరికరం వాడొచ్చు, లేదా ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకోవచ్చు. శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో పోల్చుకోవడంలో క్రాస్ సాయపడదు, ఇంప్లాంట్ కొంతవరకు సాయపడుతుంది. రెంటిలో ఏదో తేల్చుకునే ముందు క్రాస్‌ను కొన్నాళ్లు ట్రయల్‌కు అడిగి చూడండి.