పరీక్షలయ్యాక కూడా దొరికే చెర్రీ పూలు: గోదావరి జిల్లాల నుంచి హిరోసాకి కోట ఊరికి

జపాన్ వెళ్ళి చెర్రీ పూలు చూడాలని మన వైపు చాలామందికి ఉంటుంది, కానీ మాట ఎప్పుడూ ఒకచోటే ఆగిపోతుంది. టోక్యో, క్యోటోల్లో పూలు మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా. సరిగ్గా అప్పుడే ఇక్కడ పిల్లలకి పరీక్షలు, ఉద్యోగస్తులకి మార్చి ఎండింగ్, వ్యాపారులకి లెక్కలు. ఎవరూ ఇల్లు కదల్లేరు. కాబట్టి ఈ ప్రయాణానికి ఆ రెండు ఊళ్ళ పేర్లూ మర్చిపోండి. జపాన్ పెద్ద దీవి హోన్షూకి ఉత్తరపు కొసన అఒమోరి అనే ప్రాంతం ఉంది, అందులో హిరోసాకి అనే పాత కోట ఊరు ఉంది. అక్కడ చలి ఎక్కువ, అందుకే పూలు ఆలస్యం. మన స్కూళ్ళకి సెలవులిచ్చే ఏప్రిల్ నాలుగో వారానికి దగ్గర దగ్గరగా పూస్తాయి. అమలాపురం, భీమవరం, రాజమండ్రి వాళ్ళు పిల్లల్ని తీసుకుని వెళ్ళగలిగే చెర్రీ పూల ఊరు ఏదంటే నేను చెప్పేది ఇదే. వ్యవసాయం ఉన్న ఇళ్ళకి మాత్రం అవి దాళ్వా కోతల రోజులు, ధాన్యం తోలించుకునే పని చూసుకోవడానికి ఒకరు ఇంట్లో ఉండేలా ముందే మాట్లాడుకోండి.

అన్నిటికంటే ముందు తేదీల సంగతి, ఎందుకంటే ఈ ట్రిప్‌లో తేడా వస్తే అక్కడే వస్తుంది. జపాన్‌లో ఎక్కువగా కనిపించే చెర్రీ రకం పేరు సోమేయ్ యోషినో. దీన్ని విత్తనంతో పెంచరు, అంటు కడతారు. కడియం నర్సరీల్లో పనిచేసేవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు, ఒకే తల్లి చెట్టు నుంచి వచ్చిన అంట్లన్నీ ఒకే గుణంతో ఉంటాయి. అందుకే ఒక ఊళ్ళో ఉన్న వేల చెట్లు కూడబలుక్కున్నట్టు ఒకేసారి పూస్తాయి, ఒకేసారి రాలతాయి. చూడ్డానికి అంత బాగుండటానికీ, నాలుగు రోజులు అటూ ఇటూ అయితే ఏమీ మిగలకపోవడానికీ కారణం అదే. నమూనాగా పెట్టుకున్న చెట్టుకి ఐదారు పూలు విచ్చుకోగానే పూత మొదలైందని ప్రకటిస్తారు, ఎనభై శాతం విచ్చుకుంటే నిండు పూత. నిండు పూత తర్వాత గట్టిగా ఓ వారం, అదీ గాలీ వానా లేకపోతే. పూత ఎప్పుడొస్తుందో అక్కడి వాతావరణ సంస్థలు జనవరి నుంచే అంచనాలు ఇస్తూ, వారం వారం సవరిస్తూ ఉంటాయి. టికెట్లు కొనేముందు ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి చూడండి.

ఇదివరకు హిరోసాకిలో పూల పండగ ఏప్రిల్ 23న మొదలయ్యేది, ఈమధ్య చలికాలాలు వెచ్చగా ఉండి పూలు ముందే వచ్చేస్తున్నాయి, పండగని కూడా ముందుకి జరుపుతున్నారు. అందుకని పిల్లలు స్కూల్లో ఆఖరి రెండు రోజులు మానేసినా పర్లేదనుకునేవాళ్ళు 20, 21 తేదీలకే అక్కడ ఉండేలా చూసుకోవడం మంచిది. అలా కుదరనివాళ్ళు కూడా దిగులు పడక్కర్లేదు. ఆ కోటలో యాభైకి పైగా రకాలున్నాయి. సోమేయ్ యోషినో రాలిపోయాక కొమ్మలు కిందికి వేలాడే గులాబీ రంగు రకాలు, రేకలు ముద్దగా ఉండే రకాలు మే మొదటి వారం దాకా వంతులవారీగా పూస్తూనే ఉంటాయి.

ఇంకో ఏర్పాటు కూడా మనసులో పెట్టుకోండి. పూలు అప్పటికే అయిపోయాయని తెలిస్తే ఉత్తరానికి వెళ్ళాలి. హిరోసాకికి దగ్గర్లో ఉన్న షిన్-అఒమోరి స్టేషన్ నుంచి షింకన్‌సెన్‌లో, అంటే బుల్లెట్ రైల్లో, సముద్రం కింది సొరంగం దాటి గంటలో హొక్కైడో దీవిలో దిగొచ్చు, అక్కడ హకొదాతేలో నక్షత్రం ఆకారంలో కట్టిన గొర్యోకకు కోట చుట్టూ పూలు ఇంకో నాలుగైదు రోజులు ఆలస్యంగా వస్తాయి. పూలు ఇంకా రాలేదనుకోండి, దక్షిణంగా కకునొదాతేలో ఆగండి. పాత సమురాయ్ ఇళ్ళ వీధి, పక్కనే ఏటిగట్టు పొడుగునా రెండు కిలోమీటర్ల చెట్ల వరస. అక్కడ కొద్దిగా ముందు పూస్తాయి. మూడూ రైలు దారిలోనే ఉన్నాయి కాబట్టి హోటల్ మాత్రం క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే బుక్ చేయండి, రెండు రూపాయలు ఎక్కువైనా సరే.

హోటల్ అంటే గుర్తొచ్చింది, హిరోసాకిలో పండగ రోజులకి గదులు నెలల ముందే అయిపోతాయి. దొరక్కపోతే అఒమోరి సిటీలో దిగండి, రైల్లో నలభై నిమిషాలు, పొద్దున్నే వెళ్ళి రాత్రి పూల చెట్లకి పెట్టే లైట్లు చూసి తిరిగి రావచ్చు. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా జపాన్ వాళ్ళకి వరస సెలవులు, దాన్ని గోల్డెన్ వీక్ అంటారు. ఆ వారంలో మాత్రం వెళ్ళకండి. రైళ్ళు, గదులు, దారులు అన్నీ కిటకిట, రేట్లు కూడా పెరిగిపోతాయి.

వీసా కష్టమేమీ కాదు. ఇండియాలో ఉండే మనవాళ్ళకి 2024 నుంచి జపాన్ టూరిస్టు ఈ-వీసా ఇస్తోంది, వీసా కాగితాలు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్ ద్వారా అప్లై చేయాలి, ఒకసారి వెళ్ళి తొంభై రోజుల్లోపు వచ్చేయాలి. ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఏ రోజు ఎక్కడుంటారో రాసిన ప్లాను అడుగుతారు. పొలం ఆదాయం మీద బతికేవాళ్ళకి రిటర్నులు ఉండకపోవచ్చు, అలాంటివాళ్ళు ముందుగా సెంటర్‌లో కనుక్కుని కాగితాలు సిద్ధం చేసుకోవాలి. కనీసం నెలన్నర ముందు మొదలుపెట్టండి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి: ఈ-వీసాని ఎయిర్‌పోర్టులో ఫోన్‌లో నెట్ ఆన్ చేసి, అప్పటికప్పుడు వాళ్ళ సైట్‌లో తెరిచి చూపించాలి. ప్రింటు, స్క్రీన్‌షాట్ ఒప్పుకోరు. పెద్దవాళ్ళు విడిగా వెళ్తుంటే వాళ్ళ ఫోన్‌లో ఇది ఎలా తెరవాలో ఇంట్లోనే రెండు మూడు సార్లు చేయించండి. నెట్ కోసం ఈ-సిమ్ ఇక్కడే వేయించుకుంటే టెన్షన్ ఉండదు. విజిట్ జపాన్ వెబ్ అనే వాళ్ళ ప్రభుత్వ సైట్‌లో వివరాలు నింపి క్యూఆర్ కోడ్ పెట్టుకుంటే దిగాక పని త్వరగా అవుతుంది.

మధురపూడిలో, అంటే రాజమండ్రి ఎయిర్‌పోర్టులో, ఎక్కి ఢిల్లీ గానీ బెంగళూరు గానీ చేరితే అక్కడ నుంచి టోక్యోకి డైరెక్ట్ విమానాలున్నాయి. మనకంటే వాళ్ళ టైము మూడున్నర గంటలు ముందు. దిగిన రోజు రాత్రి టోక్యో స్టేషన్‌కో ఉఎనో స్టేషన్‌కో దగ్గర్లో పడుకుని, మర్నాడు పొద్దున్నే హయబుసా అనే షింకన్‌సెన్ ఎక్కండి. మూడు గంటలు, మూడుంపావు గంటల్లో షిన్-అఒమోరి, కొంత దూరం గంటకి 320 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఇందులో అన్నీ రిజర్వేషన్ సీట్లే, అప్పటికప్పుడు ఎక్కేద్దాం అనుకుంటే కుదరదు. ప్రయాణానికి సరిగ్గా నెల ముందు, జపాన్ టైము ప్రకారం పొద్దున పదింటికి టికెట్లు తెరుస్తారు. మనిషికి ఒకవైపే పదిహేడు వేల యెన్‌లకి పైమాటే, నలుగురున్న కుటుంబానికి ఖర్చులో ఇది పెద్ద ముక్క. అందుకే టూరిస్టుల కోసం ఇచ్చే రైల్వే పాస్‌లని, టోక్యో నుంచి అఒమోరికి విమానం టికెట్‌ని కూడా పక్కపక్కన పెట్టి లెక్క చూసుకోండి. షిన్-అఒమోరిలో దిగి మామూలు రైలు మారితే హిరోసాకి ముప్పై, నలభై నిమిషాలు. స్టేషన్ నుంచి కోట దాకా బస్సులున్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని నడిపించకండి, ఎందుకంటే అసలు నడక కోట లోపల ఉంది.

సామాన్లలో మొదట స్వెటర్లు. ఇక్కడ బయల్దేరేటప్పుడు ఎండ నలభైకి దగ్గరగా ఉంటుంది కాబట్టి చలి సంగతి ఎవరికీ గుర్తుండదు. అక్కడ ఏప్రిల్ చివర్లో పగలు పదిహేను డిగ్రీలు, రాత్రి ఐదు. లైట్లు చూడ్డానికి రాత్రిపూట బయటే ఉంటారు, పిల్లలకి టోపీలు, పెద్దవాళ్ళకి లోపల థర్మల్స్ తప్పకుండా పెట్టండి. తర్వాత పచ్చళ్ళు. ఆవకాయ, గోంగూర, కందిపొడి గట్టిగా ప్యాక్ చేసి చెక్-ఇన్ లగేజీలో పెట్టుకోవచ్చు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు, మాంసంతో చేసిన ఏ పదార్థాన్నీ జపాన్‌లోకి రానివ్వరు, చిన్న సీసా అయినా నేరమే. మామిడిపళ్ళు, పచ్చి కరివేపాకు కూడా ఇంట్లోనే వదిలేయండి.

ఇక కోట. 1611లో ఇక్కడి త్సుగరు వంశం వాళ్ళు కట్టారు. మొదట ఐదంతస్తులది, 1627లో పిడుగు పడి కాలిపోయింది, ఇప్పుడున్న మూడంతస్తుల బురుజు 1810 ప్రాంతంలో లేపింది. చుట్టూ మూడు వరసల అగడ్తలు, సుమారు 2,600 చెర్రీ చెట్లు. పునాది రాతిగోడ బయటికి ఉబ్బుతోందని 2015లో నాలుగు వందల టన్నుల బురుజుని విప్పకుండా అలాగే జాకీలతో లేపి డెబ్భై మీటర్లు లోపలికి జరిపారు. మన ఊళ్ళలో రోడ్డు ఎత్తు పెరిగితే ఇంటిని జాకీలతో లేపినట్టే అన్నమాట. ఎర్ర వంతెన, దాని వెనక కోట ఉండే పాత ఫొటో చూసి వెళ్ళేవాళ్ళు బురుజుని ఆ చోటి నుంచి జరిపారని తెలుసుకుని వెళ్ళండి. బురుజుని మళ్ళీ పాత చోటికి చేర్చే పని ఎంతవరకు వచ్చిందో, లోపలికి వెళ్ళనిస్తున్నారో లేదో మీరు వెళ్ళే ఏడాది చూసుకోవాలి. పార్కులో చాలా భాగం ఉచితమే, మధ్యలో బురుజు ఉన్న భాగానికి మాత్రం చిన్న టికెట్ ఉంటుంది. అక్కడ నుంచి 1,625 మీటర్ల ఇవాకి కొండ మంచు కప్పుకుని కనిపిస్తుంది, ఆ ఒక్క దానికైనా టికెట్ కొనొచ్చు.

చేరిన రోజు సాయంత్రం పడమటి అగడ్త వైపు వెళ్ళండి. రెండు పక్కలా చెట్లు కలిసి గుహలా ఉంటుంది, చీకటి పడ్డాక రాత్రి పదింటి దాకా లైట్లు, నీళ్ళలో ఇంకో వరస పూలు. అద్దె పడవలు కూడా ఇక్కడే, మధ్యాహ్నం క్యూ పెద్దది కాబట్టి పొద్దున్నే అయితే నయం. మర్నాడు తెల్లవారుజామున బయటి అగడ్తకి వెళ్ళాలి, ఇది నేను గట్టిగా చెబుతున్నాను. పావుతక్కువ ఐదుకల్లా తెల్లారిపోతుంది, జనం ఉండరు. పూలు రాలే రోజులైతే అగడ్త నిండా రేకలు పరుచుకుని నీళ్ళు అసలు కనబడవు. వంగి చూడండి, ప్రతి రేక కొసనా చిన్న నొక్కు ఉంటుంది, ఒకదాని మీద ఒకటి ఎక్కి తడిగా అతుక్కుని ఉంటాయి. బాతు ఒకటి ఈదుకుంటూ పోతే దాని వెనక నల్లటి గీత పడుతుంది, కాసేపటికి రేకలు మళ్ళీ దగ్గరికి జరిగి ఆ గీత మూసుకుపోతుంది. నిండు పూతకి అందుకోలేకపోయామని బాధపడేవాళ్ళకి ఇది చాలు, చాలామంది జపాన్ వాళ్ళు దీని కోసమే కావాలని ఆలస్యంగా వస్తారు.

చెట్లని కూడా దగ్గరకెళ్ళి చూడమంటాను. సోమేయ్ యోషినో ఆయుష్షు మామూలుగా అరవై, డెబ్భై ఏళ్ళంటారు, ఇక్కడ నూరేళ్ళు దాటినవి మూడు వందలకి పైగా ఉన్నాయి, 1882లో నాటిన చెట్టు ఇంకా పూస్తోంది. చెర్రీ కొమ్మని నరికేవాడు మూర్ఖుడని జపాన్‌లో సామెత. అయితే హిరోసాకి చుట్టుపక్కలంతా ఆపిల్ తోటలు, ఆపిల్ చెట్లకి ఏటా కొమ్మలు కత్తిరించడం ఆ రైతులకి అలవాటైన పని. ఆ పద్ధతే చెర్రీ చెట్లకీ పెట్టారు. ముదిరిన కొమ్మల్ని మొదలంటా కోసి, కోత మీద మందు పూసి, ఎరువు వేసి కొత్త కొమ్మలు రప్పిస్తారు. దాంతో వేరేచోట ఒక మొగ్గలో మూడు నాలుగు పూలొస్తే ఇక్కడ ఇంకా ఎక్కువ వస్తాయి, గుత్తి బొద్దుగా ఉంటుంది. లావుపాటి మొదలు మీద పాత కోతల గుర్తులు, వాటి పక్కనుంచి వేలు మందం కొత్త కొమ్మకి పూలు, ఇది ప్రతి చెట్టుకీ కనబడుతుంది. తోట పనితో బతికే కడియం, వేమగిరి వాళ్ళు ఇదొక్కటి చూడ్డానికి వెళ్ళినా డబ్బులు వృథా కావని నా నమ్మకం. కొమ్మ వంచి ఫొటోలు దిగడం, పిల్లల చేత చెట్టు ఊపించడం, వేళ్ళ మీద కూర్చోవడం మాత్రం చేయకండి.

తిండి విషయానికొస్తే, చెట్ల కింద ప్లాస్టిక్ పట్టా పరుచుకుని, చెప్పులు బయట విడిచి, తెచ్చుకున్నది తినడం అక్కడ పద్ధతి. చెత్త మీ సంచిలోనే వెనక్కి తీసుకెళ్ళాలి. ఆపిల్ పై ప్రతి వీధిలో దొరుకుతుంది, ఒక్కో కొట్టు రుచి ఒక్కోలా ఉంటుంది. పీతలు ఇష్టమున్నవాళ్ళకి ఈ పూల రోజుల్లో తినే తోగెకురిగాని అనే ముళ్ళ పీత ఉంది. శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి, సూపుల్లో, నూడుల్స్ పులుసులో చేపతో తీసిన రసం పోస్తారు, కూరగాయలదే కదా అని నమ్మడానికి లేదు. మేం చేపలు, మాంసం, చేప రసం తినం అని జపనీస్‌లో రాసిన కాగితం ఫోన్‌లో పెట్టుకుని చూపించండి. తెల్లన్నం ఎక్కడైనా దొరుకుతుంది, కాకపోతే మన స్వర్ణ బియ్యంలా పొడిపొడిగా ఉండదు, జిగురుగా ముద్దకడుతుంది. కందిపొడి, నెయ్యి వేసుకుంటే పిల్లలు తింటారు. చిన్న కొట్లలో కార్డు తీసుకోకపోవచ్చు, చేతిలో కొంత నగదు ఉంచుకోండి.

రెండు రాత్రులు హిరోసాకికి, ఒకటి హకొదాతేకో కకునొదాతేకో, అటూ ఇటూ టోక్యో కలిపితే మొత్తం వారం సరిపోతుంది. వచ్చేటప్పుడు చెర్రీ మొక్క తెచ్చి పెరట్లో వేద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తే ఆపేయండి. అనుమతి కాగితాలు లేకుండా మొక్కల్ని దేశంలోకి రానివ్వరు, తెచ్చినా చలికాలంలో గట్టి చలి తగలకపోతే ఆ మొగ్గ నిద్ర లేవదు, మన గోదావరి లంకల్లో పూసే అవకాశం లేదు. ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు, ఆపిల్ జ్యూస్ సీసాలు కొనుక్కోండి, జ్యూస్ మాత్రం చెక్-ఇన్ లగేజీలో పెట్టండి.