తక్కువ ఖర్చుతో యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు ఇంజన్ మళ్లీ కొత్తగా కట్టుకోవడం ఎలా?

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఊళ్లలో మెట్ల కిందనో, కొట్టంలోనో దుమ్ము పట్టిన ఆర్‌ఎక్స్ 100లు ఇంకా చాలానే ఉన్నాయి. నాయన వాడిన బండి అని అమ్మబుద్ధి కాదు, నడుపుదామంటే ఇంజన్ పట్టేసి ఉంటుంది. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన ఈ 98 సిసి టూ స్ట్రోక్ ఇంజన్‌లో వాల్వులు తెరిచే క్యామ్ లేదు, దాన్ని తిప్పే టైమింగ్ చైన్ లేదు. కదిలే భాగాలు తక్కువ కాబట్టి, తక్కువ డబ్బుతోనే దీన్ని బతికించుకోవచ్చు.

అయితే ఆ తక్కువ డబ్బును కూడా చాలామంది తప్పు చోట పెడతారు. పిస్టన్ మార్చి, పెద్ద శబ్దం వచ్చే సైలెన్సర్ తగిలిస్తారు. నెల తిరక్కముందే ఇంజన్ మళ్లీ పట్టేస్తుంది. మొదటిసారి ఎందుకు పట్టేసిందో ఎవరూ చూడకపోవడమే దీనికి కారణం. అందుకే ముందు జబ్బు కనుక్కోవాలి, తర్వాత ఇంజన్ కింది భాగం, ఆ తర్వాత బోరు (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి రంధ్రం) చూసుకోవాలి. పికప్ సంగతి చివర. షోగన్, మ్యాక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్లకూ, మట్టిదారుల్లో తిప్పే నాలుగు చక్రాల పాత టూ స్ట్రోక్ ఏటీవీలకూ ఇదే పద్ధతి. కొలతలు మాత్రం మారతాయి.

విప్పక ముందు

ఇంజన్ నంబరు క్రాంక్‌కేసు (క్రాంక్ అనే ఇరుసు తిరిగే కింది పెట్టె) మీద ఉంటుంది. అది ఆర్‌సీలో ఉన్న నంబరుతో సరిపోతుందో లేదో ముందు చూడండి. నంబరు వేరైతే, చెరిపేసినట్టు ఉంటే ఆ ఇంజన్ మీద రూపాయి కూడా పెట్టొద్దు.

తర్వాత గేర్ ఆయిల్ మట్టం చూడండి. బయట ఎక్కడా కారకుండానే ఆయిల్ తగ్గిపోతూ, బండి తెల్లటి పొగ దండిగా వదిలేదంటే, కుడివైపు క్లచ్ పక్కనున్న క్రాంక్ సీలు పోయినట్టే. ఆ ఆయిల్ క్రాంక్‌కేసులోకి లాగబడి కాలిపోతోంది. ఎడమవైపు మాగ్నెట్ (కరెంటు పుట్టించే అయస్కాంత చక్రం) పక్కనున్న సీలు పోతే పొగ ఉండదు. బయటి గాలి లోపలికి దూరి పెట్రోల్ మిశ్రమం పలచబడుతుంది. యాక్సిలరేటర్ వదిలినా రేసు వెంటనే దిగదు. ఇంజన్లు పట్టేయడానికి ఇది చాలా పెద్ద కారణం, కంటికి కనిపించదు కాబట్టి తెలియదు.

కిక్ తిరుగుతుంటే ప్లగ్గు చోట కంప్రెషన్ గేజ్ (లోపలి ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్ కొట్టండి. 90 పిఎస్‌ఐ కంటే తక్కువ వస్తే పైభాగం విప్పక తప్పదు.

విప్పేటప్పుడు

ముందు డీజిల్‌తో బయటంతా శుభ్రంగా కడగండి. ఇంజన్‌లోకి ఇసుక రేణువు ఒక్కటి పోయినా చేసిన పనంతా వృథా. ప్రతి దశకూ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. బోల్టులు ఏ కవరువి ఆ కవరు దగ్గరే, అట్టముక్కకు గుచ్చి పెట్టుకోండి, పొడవులు వేరుగా ఉంటాయి. మాగ్నెట్‌ను సుత్తితో కొట్టొద్దు. దాన్ని లాగే పుల్లర్ అనే పనిముట్టు దొరకకపోతే తెలిసిన మెకానిక్‌ను "అన్నా, పుల్లర్ ఒక గంట ఇస్తావా" అని అడిగి తెచ్చుకోండి. మాగ్నెట్ వెనక వైరు చుట్టలున్న స్టేటర్ ప్లేటు తీసే ముందు ప్లేటు మీదా కేసు మీదా కలిసేలా ఒక గీత గీయండి. బిగించేటప్పుడు టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం) వెతుక్కునే పని తప్పుతుంది.

పిస్టన్ చూసి కారణం చెప్పొచ్చు

పాత పిస్టన్‌ను పారేయకుండా వెలుతురులో పెట్టి చూడండి. గీతలు సైలెన్సర్ వైపే ఉంటే ఆయిల్ చాలలేదు, లేదా మిశ్రమం పలచబడింది. చుట్టూ నాలుగు చోట్ల సమానంగా గీసుకుని ఉంటే బోరు బిగుతుగా ఉంది, లేదా ఇంజన్ సరిగ్గా వేడెక్కకముందే బాదారు. నెత్తిన కరిగి గుంట పడితే గాలి లీకో, ముందుకు జరిగిన టైమింగో అనుకోవాలి. కార్బురేటర్ వైపు సన్నగా, మసకగా అరిగి ఉంటే ఎయిర్ ఫిల్టర్ లేకుండా తిప్పారని అర్థం. మన మట్టిరోడ్ల దుమ్ముకు ఇలా అరిగిన పిస్టన్లు ఎన్నో.

డబ్బు ముందు పెట్టాల్సింది కింది భాగంలో

పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్‌ను రెండు చేతులతో పట్టుకుని నిలువునా పైకీ కిందికీ లాగండి. ఏమాత్రం కొట్టుకున్నా రాడ్ కిట్ (కొత్త రాడ్, దాని పిన్ను, బేరింగు) వేయాలి. పక్కలకు కొంచెం కదలడం మామూలే, దానికి భయపడొద్దు. రాడ్ కిట్ ఇంట్లో వేసే పని కాదు. ప్రెస్, డయల్ గేజ్ (సన్నటి తేడాలు చూపే మీటరు) ఉన్న లేత్ అంగడికే ఇవ్వాలి. పని అయ్యాక "క్రాంక్ ఎంత ఊగుతోందో డయల్ మీద చూపించన్నా" అని అడగండి. 0.05 మిల్లీమీటర్ లోపలే ఉండాలి. చూపించని చోట పని చేయించొద్దు.

క్రాంక్ బేరింగులు, రెండు సీళ్లు బాగున్నట్టు కనిపించినా మార్చేయండి. బేరింగ్ పక్కన నంబరు అచ్చు వేసి ఉంటుంది. అదే నంబరు, చివర సి3 (లోపల కాస్త ఎక్కువ సందు ఉన్న రకం) అని ఉన్నది బేరింగుల అంగడిలో అడిగితే, స్పేర్ పార్టుల ప్యాకెట్ కంటే చౌకగా, నకిలీ భయం తక్కువగా దొరుకుతుంది. మిగతా పాత సామాన్లకు తిరుపతి వాళ్లకు చెన్నై పుదుపేట, చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గర. పాత క్లచ్ కవరు, కిక్ రాడ్, గేర్లు సెకండ్ హ్యాండ్‌వి తెచ్చుకోవచ్చు. సీళ్లు, బేరింగులు, పిస్టన్, రింగులు, సర్క్లిప్పులు (పిస్టన్ పిన్ను జారకుండా పట్టే క్లిప్పులు) మాత్రం ఎప్పుడూ కొత్తవే.

బేరింగ్ దింపేటప్పుడు కేసును వేడి చేయండి. నీటి చుక్క వేస్తే చుయ్యిమనాలి, అంత వేడి చాలు. బేరింగును ముందు రాత్రే ఫ్రిజ్ పైఅరలో పెట్టి ఉంచితే సుత్తి దెబ్బ లేకుండా దానంతట అదే కూర్చుంటుంది.

బోరు

అసలు బోరు 50 మిల్లీమీటర్లు. పైన, మధ్యలో, కింద, రెండు దిక్కులా కొలిపించండి. పైకీ కిందికీ తేడా 0.05 దాటితే బోరు చేయించాలి. దాటకపోతే, గీతలు గోటికి తగలకపోతే, హోనింగ్ (బోరు గోడను రాయితో సన్నగా గరుకు చేయడం) చేసి కొత్త రింగులు వేస్తే సరిపోతుంది. అక్కడే పెద్ద ఖర్చు మిగులుతుంది.

ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మెట్లలో వస్తాయి. గీతలు పోయే మొదటి సైజు దగ్గరే ఆగండి. పెద్దది వేస్తే పవర్ పెరుగుతుందనుకుని ఒకేసారి 1.00కి పోతే, స్లీవ్‌కు (సిలిండర్ లోపలి ఇనుప గొట్టానికి) మిగిలిన ఆయుష్షంతా ఒక్కసారే ఖర్చయిపోతుంది. పిస్టన్ కొన్నాకే బోరుకు ఇవ్వండి. ఆ పిస్టన్‌ను కొలిచి, దాని ప్యాకెట్ మీద ఉన్న సందు వదిలి కోయాలి. మామూలు క్యాస్ట్ పిస్టన్‌కు ఆ సందు 0.03, 0.04 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. బోరు అయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలోని గాలి, పొగ దారుల) అంచులు కత్తిలా ఉంటాయి. వాటిని సన్నగా అరగదీయమని గట్టిగా చెప్పండి, లేకపోతే రింగులు తగులుకుని విరుగుతాయి.

ఇంటికి తెచ్చాక సిలిండర్‌ను సబ్బునీళ్లతో కడగండి, పెట్రోల్ చాలదు. తెల్లగుడ్డతో తుడిస్తే మరక అంటకూడదు. వెంటనే 2టీ ఆయిల్ (పెట్రోల్‌లో కలిపే టూ స్ట్రోక్ ఆయిల్) రాయండి.

బిగించడం, గాలి పరీక్ష

రింగును ఖాళీ బోరులోకి దించి రెండు చివరల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులతో) చూడండి. 0.15 నుంచి 0.35 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. పిస్టన్ మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపు, రింగు చివరలు పిస్టన్ గాడిలో ఉన్న పిన్ను దగ్గర. సర్క్లిప్పు వేసేటప్పుడు క్రాంక్‌కేసు నోట్లో గుడ్డ కుక్కండి. హెడ్ నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి.

ఇక్కడితో చాలామంది కిక్ కొట్టేస్తారు. ఆగండి, ఖర్చు లేని అతి ముఖ్యమైన పని ఇప్పుడే ఉంది. కార్బురేటర్ చోటునూ సైలెన్సర్ పోర్టునూ పాత ట్యూబు ముక్క, రేకు పెట్టి మూసేయండి. పాత ప్లగ్గులోని పింగాణీ పగలగొట్టి తీసేసి, ఆ గొట్టంలో చిన్న పైపు ఎంసీల్‌తో అతికించి ప్లగ్గు చోట బిగించండి. దానికి ముల్లుతో ఉండే పాత బీపీ మిషన్ బుడ్డీ, మీటరు తగిలించండి. పిస్టన్‌ను పూర్తిగా కిందికి దించి మీటరు మీద 300 దాకా గాలి కొట్టండి. అది సుమారు 6 పిఎస్‌ఐ. నాలుగైదు నిమిషాలు ముల్లు దాదాపు అక్కడే నిలబడాలి. దిగిపోతుంటే సబ్బునీళ్లు చల్లి చూడండి. సీళ్ల దగ్గర, బేస్ ప్యాకింగ్ దగ్గర, రీడ్ బ్లాక్ (కార్బురేటర్ నుంచి వచ్చే మిశ్రమాన్ని వెనక్కి పోనివ్వని రేకుల దిమ్మ) దగ్గర బుడగలు వస్తాయి. మాగ్నెట్, క్లచ్ కవరు బిగించకముందే ఇది చేస్తే సీళ్లు కళ్లెదుటే ఉంటాయి.

చౌకగా పికప్ పెంచుకోవాలంటే

రీడ్ రేకులను వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడండి, సందు కనిపించినా అంచు చిట్లినా మార్చండి. బేస్ ప్యాకింగ్ పోర్టుల్లోకి పొడుచుకొచ్చిన చోట్ల బ్లేడుతో కోసి సమం చేయండి. సైలెన్సర్ లోపలి గొట్టం తీసి మసి కాల్చి గీకండి. ఏళ్లుగా పేరుకున్న మసి వదిలితే పోయిన పికప్ చాలావరకు తిరిగొస్తుంది. పోర్టులు తొలిపించడం, ఫిల్టర్ తీసేయడం, హెడ్‌ను అరగదీయించడం నేను వద్దనే చెబుతాను. మే నెల ఎండలో మన ఊళ్లలో గాలితో చల్లబడే ఇంజన్ ఆ వేడికి తట్టుకోదు. శబ్దం చేసే సైలెన్సర్‌కు పవర్ రాదు, జరిమానా వస్తుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన ఇ20 పెట్రోల్. ఇంజన్‌కు అది పలచగా అనిపిస్తుంది, పాత రబ్బరును చెడగొడుతుంది. పెట్రోల్ పైపు, కార్బురేటర్ ఓరింగులు, ఫ్లోట్ సూది కొత్తవి వేసి, మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ పోయే సన్న రంధ్రం) ఒక సైజు పెద్దది పెట్టి ప్లగ్గు రంగు చూడండి. లేత గోధుమ రంగు రావాలి. తెల్లగా ఉంటే ఇంకా పలచనే. బండి వారాల తరబడి నిలబెట్టాల్సి వస్తే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయండి.

మొదటి 500 కిలోమీటర్లు

లీటరుకు 40 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ కలపండి. తర్వాత 25 మిల్లీలీటర్లకు, లేదా ఆయిల్ డబ్బా మీద చెప్పినంతకు దిగండి. మొదటిసారి స్టార్ట్ చేసి మూడు నాలుగు నిమిషాలు తిప్పి ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా మూడుసార్లు చేశాక, చల్లగా ఉన్నప్పుడే హెడ్ నట్లు మళ్లీ చూసుకోండి.

రోడ్డెక్కాక ఒకే వేగంలో పోకుండా మారుస్తూ, సగం యాక్సిలరేటర్ దాటకుండా నడపండి. రేణిగుంట మీదుగా శ్రీకాళహస్తి రోడ్డు దీనికి బాగుంటుంది. కొత్త ఇంజన్‌తో తిరుమల ఘాట్‌కు గానీ, భాకరాపేట ఘాట్‌కు గానీ, చిత్తూరు వాళ్లయితే మొగిలి ఘాట్‌కు గానీ పోవద్దు. ఎక్కేటప్పుడు వేడి ఒక్కటే కాదు సమస్య. దిగేటప్పుడు యాక్సిలరేటర్ మూసి గేరులో వదిలేస్తే ఇంజన్ వేగంగా తిరుగుతుంది, పెట్రోల్ మాత్రం లోపలికి చాలా కొద్దిగానే పోతుంది. ఆయిల్ పెట్రోల్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి ఆయిల్ కూడా చాలదు. తర్వాతైనా ఘాట్ దిగేటప్పుడు మధ్యమధ్యలో క్లచ్ పట్టి చిన్నగా రేసు ఇస్తూ, బ్రేకులు కూడా వాడుతూ దిగండి.

500 కిలోమీటర్లు అయ్యాక గేర్ ఆయిల్ మార్చి, ప్లగ్గు చూసి, హెడ్ నట్లు ఇంకోసారి సరిచూడండి. ఆర్‌సీ గడువు అయిపోయి ఉంటే ఫారం 25తో ఆర్‌టీఓ ఆఫీసులో రెన్యువల్ చేయించుకోండి. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకొకసారి అది తప్పదు.