శాడిల్ వేట: చెట్టుకు తాడుతో కట్టుకుని జింకను వేటాడటం ఎలా మొదలుపెట్టాలి?

పెన్సిల్వేనియాలో ఉండే తెలుగువాళ్లకు జింకలు కొత్త కాదు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి కారులో వెళ్లేవాళ్లకు రోడ్డు పక్కన మేస్తున్న తెల్లతోక జింకలు కనిపిస్తూనే ఉంటాయి. వాటి సంఖ్య అదుపు తప్పకుండా ఆ రాష్ట్రం ఏటా వేటకు లైసెన్సులు ఇస్తుంది. అక్టోబరులో మొదలయ్యే విల్లు సీజన్‌లో చాలామంది చెట్టు మీద కూర్చునే వేటాడతారు. చెట్టుకు ఇనుప కుర్చీ బిగించుకోవడం పాత పద్ధతి. ఇప్పుడు బాగా వ్యాపించినది శాడిల్. నడుము చుట్టూ, పిరుదుల కింద వచ్చేలా ఒక పట్టీ కట్టుకుని, దాన్ని తాడుతో చెట్టుకు తగిలించి, కాండానికి ఎదురుగా వాలి కూర్చోవడం. సామాను తేలిక, చాలా రకాల చెట్లు ఎక్కొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, సరిగ్గా వాడితే ఎక్కడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి దిగేదాకా ఒంటికి తాడు ఉంటుంది. చెట్ల మీద వేటలో ప్రాణాలు తీసేది ఎక్కువగా కింద పడటమే. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను శాడిల్‌నే చెప్తాను.

ఇది ఇండియాలో ప్రయత్నించే పని కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పి, కణితి, కృష్ణజింక, ఏది వేటాడినా నేరమే, జైలుకెళ్లాల్సి వస్తుంది. ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో లైసెన్సుతో చేసే వేట గురించే.

ముందు కాగితాలు

పెన్సిల్వేనియాలో మొదటిసారి లైసెన్సు తీసుకునేవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. ప్రతి రాష్ట్రానికీ తన సొంత రూల్స్ ఉంటాయి. న్యూజెర్సీలో విల్లు వేటకు విడిగా కోర్సు అడుగుతారు. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు కోర్సు తప్పనిసరి. మీ రాష్ట్ర వైల్డ్‌లైఫ్ శాఖ ఆ ఏడాదికి విడుదల చేసే నిబంధనల పుస్తకం మొత్తం చదవండి, పక్కవాళ్లు చెప్పింది నమ్మి అడవిలోకి వెళ్లొద్దు.

మనవాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సింది ఒకటుంది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. విల్లు ఆ చట్టం దృష్టిలో తుపాకీ కాదు కాబట్టి విల్లుతో మొదలుపెడితే ఆ టెన్షన్ ఉండదు. తుపాకీ జోలికి వెళ్లాలనుకుంటే మాత్రం ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

ఏమేం కొనాలి

శాడిల్‌కు ముందువైపు రెండు తుంటి దగ్గర్నుంచి వచ్చే చిన్న తాడును బ్రిడ్జ్ అంటారు. చెట్టు చుట్టూ వేసే తాడు టెథర్. ఈ రెంటినీ కలిపేది కారాబినర్, అంటే తెరిచి మూసే గేటు ఉన్న లోహపు కొక్కెం. ఎక్కేటప్పుడు రెండు తుంటి లూపులకూ తగిలించి చెట్టు చుట్టూ తిప్పుకునే తాడు లైన్‌మన్ తాడు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి మోకు చేసే పనే ఇదీ చేస్తుంది. మోకు ఒక్కటే ఆధారమైతే ఎంత ప్రమాదమో తాటివనాల ఊళ్లలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది కూడా అందుకే. లైన్‌మన్ తాడు మిమ్మల్ని చెట్టుకు దగ్గరగా పట్టి ఉంచుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కానీ కాలు జారితే అది కాండం వెంట మీతోపాటే కిందికి జారొచ్చు. అందుకని ఎక్కేటప్పుడు టెథర్‌ను కూడా తల ఎత్తులో చెట్టుకు వేసి, మీతోపాటు పైకి జరుపుకుంటూ వెళ్లడం మేలు.

ఎక్కడానికి చెట్టుకు బిగించి మెట్లలా వాడే మూడు నాలుగు క్లైంబింగ్ స్టిక్స్, పైన కాళ్లు పెట్టుకోవడానికి ఒక చిన్న ప్లాట్‌ఫామ్, మోకాళ్లకు ప్యాడ్లు కావాలి. అన్నీ కొత్తవి కొంటే 500 డాలర్ల పైమాటే. స్టిక్స్, ప్లాట్‌ఫామ్ వాడినవి కొన్నా ఫర్వాలేదు. తాళ్లు, శాడిల్ మాత్రం కొత్తవే కొనండి. ఎండలో ఎన్నాళ్లు ఉందో, ఏ రసాయనం తగిలిందో తెలియని తాడుకు ప్రాణం అప్పజెప్పకూడదు. కారాబినర్ మీద ఎన్ని కిలోన్యూటన్లో చెక్కి ఉంటుంది. 22 అని ఉంటే సుమారు 2,240 కిలోల లాగుడు తట్టుకుంటుందని అర్థం. లాక్ అయ్యే గేటు ఉన్నదే తీసుకోవాలి. హార్డ్‌వేర్ షాపులో తాళంచెవులకు వాడే కొక్కేలు దీనికి పనికిరావు.

నేల మీద సాధన

ఈ దశను దాటేయకండి. ఇంటి వెనక గట్టి చెట్టుకు ప్లాట్‌ఫామ్‌ను అడుగు ఎత్తులో బిగించండి. టెథర్‌ను చెట్టు చుట్టూ వేసి, దాని ఒక చివర ఉన్న లూపులోంచి తాడు లాగి బిగించండి. టెథర్ మీద సన్నటి తాడుతో కట్టిన ప్రూసిక్ ముడి ఉంటుంది. బరువు లేనప్పుడు చేత్తో తోస్తే జరుగుతుంది, బరువు పడగానే తాడును కరిచిపట్టుకుంటుంది. చుట్లు ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పడుకున్నాయా, ఎక్కడైనా ఒకదాని మీదికి ఒకటి ఎక్కిందా అని వేలితో తడిమి చూడండి. చుట్టు మీద చుట్టు ఎక్కితే ముడి జారే అవకాశం ఉంది. టెథర్ రెండో చివర ఒక ఆపుడు ముడి కూడా వేసి ఉంచాలి. ప్రూసిక్ ముడి జారినా అక్కడ ఆగుతుంది.

ఇప్పుడు బ్రిడ్జ్‌ను కారాబినర్‌తో ఆ ముడికి తగిలించి నెమ్మదిగా వెనక్కి వాలండి. టెథర్ నుదుటి ఎత్తులో ఉంటే నిలబడి వాలడానికి సుఖంగా ఉంటుంది. మోకాళ్లు కాండానికి ఆనించి కూర్చోవాలంటే కొంచెం కిందికి దించాలి. తుంటి ఎముకలు నొక్కుకుపోతున్నట్టుంటే బ్రిడ్జ్ పొడుగు కాస్త పెంచండి. కింది పట్టీ తొడల వైపు జారితే పైకి లాక్కోండి. సుఖంగా గంట కూర్చోగలిగే అమరిక దొరికేదాకా ఇలాగే సర్దుకుంటూ ఉండండి. నేల మీద పది నిమిషాలకే కదలాలనిపించే మనిషి పైన మూడు గంటలు కదలకుండా ఉండలేడు.

టెథర్‌లో వదులు ఉండకూడదు. టెథర్ ముడి కంటే పైకి మీరు ఎప్పుడూ ఎక్కకూడదు. ఈ తాళ్లు సాగవు. వదులుగా ఉన్న తాడు మీద రెండు మూడు అడుగులు పడినా నడుముకు తగిలే దెబ్బ మామూలుగా ఉండదు.

చెట్టు, గాలి

బతికున్న, నిటారుగా ఉన్న, అడుగు అటూ ఇటూగా లావున్న చెట్టు చూసుకోండి. బెరడు పెచ్చులుగా లేచే షాగ్‌బార్క్ హికరీ మీద స్టిక్స్ నిలవవు. యాష్ చెట్లకు పూర్తిగా దూరంగా ఉండండి. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు పెన్సిల్వేనియాలో కూడా వాటిని పెద్దఎత్తున చంపేసింది. పైకి నిలబడి ఉన్నట్టే కనిపిస్తాయి, లోపల కొయ్య పెళుసెక్కి ఉంటుంది.

జింకకు కంటికంటే ముక్కే పదును. అవి వచ్చే దారి నుంచి మీ వైపు గాలి వీచేలా చెట్టు ఎంచుకోవాలి. పొద్దున్నే ఎండ పడ్డాక వాలు వెంట గాలి పైకి లేస్తుంది, సాయంత్రం చల్లబడగానే కిందికి దిగుతుంది. కాబట్టి పొద్దున పనికొచ్చిన చెట్టు సాయంత్రానికి పనికిరాకపోవచ్చు. మిల్క్‌వీడ్ కాయలోని దూది పోచ ఒకటి వదిలితే అది ఎటు తేలిపోతుందో చూసి గాలి పోకడ తెలుసుకోవచ్చు.

ఎక్కడం, దిగడం

ముందు ఎవరికో ఒకరికి మీరు ఎక్కడున్నారో, ఎప్పటికి వస్తారో మెసేజ్ పెట్టండి. ఫోను బ్యాగులో కాకుండా ఛాతీ జేబులో ఉండాలి. నేల మీదే లైన్‌మన్ తాడు తగిలించుకుని మొదటి స్టిక్ బిగించండి. ఎక్కి, వెనక్కి వాలి, రెండోది బిగించండి. మధ్యలో కొమ్మ అడ్డొస్తే ముందు టెథర్‌ను కొమ్మ పైన వేసి దాని మీద బరువు పెట్టాకే లైన్‌మన్ తాడును విప్పి పైకి మార్చండి. ఒక తాడు విప్పే ముందు రెండోది బరువు మోస్తూ ఉండాలి. నేల వదిలిన దగ్గర్నుంచి మళ్లీ నేల మీదికి వచ్చేదాకా ఒక్క క్షణం కూడా ఒంటికి తాడు లేకుండా ఉండకూడదు.

పదిహేను అడుగులు చాలు. ఇంకా పైకెళ్తే జింకకు కనబడకపోవచ్చు గానీ బాణం మరీ నిలువుగా పడి రెండు ఊపిరితిత్తులకూ తగలడం కష్టమవుతుంది. పైకి చేరాక ప్లాట్‌ఫామ్ బిగించి, టెథర్ సర్దుకుని కుదురుగా వాలాకే కింద కట్టి ఉంచిన విల్లును సన్నతాడుతో పైకి లాగండి. అప్పుడు బాణాలన్నీ మూత ఉన్న క్వివర్‌లోనే, అంటే అమ్ములపొదిలోనే ఉండాలి. దిగేటప్పుడు విల్లు ముందు కిందికి వెళ్తుంది, తర్వాత మీరు. చీకట్లో, చలికి వేళ్లు మొద్దుబారి, ఇంటికెళ్లాలన్న తొందరలో దిగే సమయమే ప్రమాదకరం. హెడ్‌ల్యాంప్ వేసుకుని ప్రతి గేటు లాక్ అయిందో లేదో చేత్తో నొక్కి చూడండి.

బాణం వదలడం

కుడిచేతి వాటం వాళ్లకు శాడిల్‌లో ఎడమవైపు సులువు. అందుకని జింక దారి మీకు ఎడమన వచ్చేలా ప్లాట్‌ఫామ్ పెట్టుకోండి. కుడివైపుకు వేయాలంటే కాండం చుట్టూ తిరగాలి, అది ఇంటి దగ్గరే అలవాటు చేసుకోవాలి. కిందికి గురిపెట్టేటప్పుడు చేతులు దించకండి, నడుము దగ్గర వంగండి. మొదటి ఏడాది 20 గజాలు దాటి వేయకండి. జింక పూర్తిగా పక్కకు తిరిగి ఉన్నప్పుడు, లేదా కొంచెం అటు తిరిగి ఉన్నప్పుడు మాత్రమే వదలండి. ఎదురుగా నిలబడిన జింకను వదిలేయండి. గాయంతో పారిపోయి ఎక్కడో చచ్చే జింక కంటే తప్పించుకున్న జింక నయం.

గుండె, ఊపిరితిత్తులకు తగిలిందనిపించినా అరగంట ఆగి దిగండి. పొట్టలో తగిలితే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగాలి, వెంటనే వెంటపడితే లేచి దూరం పోతుంది. దొరికాక కదిలించకముందే ట్యాగ్ కట్టాలి, పెన్సిల్వేనియాలో అయితే పది రోజుల్లో ఆ రాష్ట్ర వేట శాఖ గేమ్ కమిషన్‌కు రిపోర్ట్ చేయాలి. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు ఉన్న ప్రాంతాల నుంచి తల, వెన్నెముక బయటికి తీసుకెళ్లనివ్వరు. అక్కడ వేటాడితే పరీక్షకు పంపించి, రిజల్ట్ వచ్చాకే మాంసం వండుకోండి.

సీజన్ అయిపోయాక తాళ్లను ఆరబెట్టి, పొడవునా వేళ్ల మధ్య జరుపుతూ చూడండి. ఎక్కడైనా పైతొడుగు మెరిసిపోయి గట్టిపడినా, పోగులు లేచినా, లోపల మెత్తగా తగిలినా ఆ తాడును ముక్కలుగా కోసి పారేయండి. పైకి బాగానే ఉన్నా కంపెనీ చెప్పిన గడువు దాటితే మార్చాల్సిందే.