పీఎఫ్ పెన్షన్‌కు ఫారం 10డి పెట్టే ముందు

ముందు పేరు, పుట్టిన తేదీ చూసుకోండి. ఆధార్‌లో ఒకలా, పీఎఫ్ ఖాతాలో ఇంకోలా ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. మా నాన్నగారి పుట్టిన తేదీలో ఒక్క అంకె తేడా. దాన్ని దిద్దించడానికి పాత కంపెనీ చుట్టూ మూడు నెలలు తిరిగాం.

• పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు కావాలి. పాత ఉద్యోగాల సర్వీసును ఇప్పటి ఖాతాలోకి బదిలీ చేయించుకోండి.

• వయసు 58 నిండకముందే తీసుకుంటే, ఎన్నేళ్లు ముందుగా తీసుకుంటే అన్నేళ్లకు ఏడాదికి 4 శాతం చొప్పున పెన్షన్‌లో కోత. ఆ కోత జీవితాంతం ఉంటుంది. డబ్బుకు మరీ ఇబ్బంది లేకపోతే ఆగడమే మేలు.

• భార్యాభర్తల జాయింట్ ఫొటో, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల వయసు పత్రాలు దరఖాస్తు కోసం సిద్ధంగా ఉంచుకోండి.

• ఉద్యోగంలో ఉండగా చనిపోయినా, పూర్తిగా పని చేయలేని స్థితి వచ్చినా ఆ 10 ఏళ్ల లెక్క వర్తించదు. చాలా ఇళ్లలో ఈ సంగతే తెలియక దరఖాస్తే పెట్టరు.