డీఎస్‌9లో ఫిట్స్ చిత్రం నల్లగా కనిపిస్తోందా?

టెలిస్కోప్ కెమెరా తీసిన ఫిట్స్ (ఖగోళ చిత్రాలు దాచే ఫైలు రకం) ఫైలును, ఖగోళ చిత్రాలు చూసే సాఫ్ట్‌వేర్ డీఎస్‌9లో తెరవగానే నాలుగు చుక్కలు తప్ప అంతా నల్లగా ఉండటం మామూలే. ఫైలు పాడవలేదు. 16 బిట్ల చిత్రంలో పిక్సెల్ విలువ 0 నుంచి 65535 దాకా ఉండొచ్చు. ఆకాశపు విలువలు సాధారణంగా కింది కొసనే గుమిగూడతాయి. మిన్‌మ్యాక్స్ పరిధిలో (అతి తక్కువ విలువను నలుపుగా, అతి ఎక్కువ విలువను తెలుపుగా చూపే అమరికలో) ఒకటి రెండు ప్రకాశవంతమైన నక్షత్రాలే తెలుపంతా లాగేసుకుంటాయి.

స్కేల్ మెనూలో జెడ్‌స్కేల్ (ఆకాశపు విలువల చుట్టూ పరిధిని కుదించే అమరిక) ఎంచుకోండి, మసక గెలాక్సీలు తేలతాయి. గెలాక్సీ నడిబొడ్డు చూడాలంటే మాత్రం లాగ్ (లాగరిథమ్ కొలమానం), మిన్‌మ్యాక్స్ కలిపి వాడటమే మేలు. తర్వాత మౌస్ కుడి బటన్ నొక్కిపట్టి లాగండి: అడ్డంగా జరిపితే బయాస్ (నలుపు తెలుపుల మధ్యబిందువు), నిలువుగా జరిపితే కాంట్రాస్ట్ మారుతుంది. మరీ తెల్లబడిపోతే కలర్ మెనూలో రీసెట్ ఉంది.

ఇవన్నీ తెరమీది రూపాన్నే మారుస్తాయి, ఫైల్లోని అంకెలను కాదు. కాబట్టి తెల్లగా కనిపించిన ప్రతి నక్షత్రమూ సాచురేట్ అయిందనుకోవద్దు (అంటే పిక్సెల్ ఇక ఎక్కువ కాంతిని నమోదు చేయలేని హద్దుకు చేరిందని). దాని మీద కర్సర్ పెట్టి, పైనున్న వాల్యూ గడి చదవండి. నడిమి పిక్సెళ్లన్నీ 65535 దగ్గరే ఆగిపోతే ఆ నక్షత్రం కాంతి కొలతకు పనికిరాదు. కొన్ని కెమెరాల్లో ఈ హద్దు ఇంకా ముందే వస్తుంది.

రెండు రాత్రుల చిత్రాలు పోల్చాలంటే ఫ్రేమ్ మెనూలోని మ్యాచ్‌లో డబ్ల్యూసీఎస్ (ఆకాశ నిర్దేశాంకాల ప్రకారం సరిపోల్చడం) ఎంచుకుని బ్లింక్ చేయండి, అంటే రెండు చిత్రాలను మార్చి మార్చి చూపించండి. హెడర్‌లో (ఫైల్లో చిత్రం వివరాలుండే భాగంలో) ఆకాశ నిర్దేశాంకాలు లేకపోతే ఇది కుదరదు.