పరాయి దేశంలో స్థిరపడ్డాక అక్కడి బ్యాంకులో ఖాతా తెరవడం ఎలా?

జీతం పడాలన్నా, అద్దె కట్టాలన్నా ఉంటున్న దేశంలో ఖాతా ఉండాల్సిందే. కొత్తగా వచ్చిన విదేశీయుల్ని బ్యాంకు నాలుగు విషయాలు అడుగుతుంది: మీరెవరు, ఎక్కడ ఉంటున్నారు, పన్ను ఏ దేశంలో కడుతున్నారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది. మనీలాండరింగ్ నిరోధక చట్టాలు, పన్ను సమాచార చట్టాల ప్రకారం ఇవి అడిగి తీరాలి. కాబట్టి కౌంటర్ దగ్గర వాదించడం కంటే కాగితాలు వరుసలో సిద్ధం చేసుకోవడమే మేలు.

1. ముందు చిరునామా సంగతి తేల్చుకోండి

చిక్కంతా ఇక్కడే. ఇంటి యజమాని బ్యాంకు ఖాతా చూపించమంటాడు, బ్యాంకేమో ఇంటి కాగితం తెమ్మంటుంది. హోటల్ బుకింగ్‌ను చాలా బ్యాంకులు చిరునామా రుజువుగా ఒప్పుకోవు, మొబైల్ బిల్లుకూ తరచూ అదే గతి. అద్దె ఒప్పందం ఇంకా చేతికి రాకపోతే, కంపెనీ లెటర్‌హెడ్ మీద మీ పేరు, చిరునామా, ఉద్యోగంలో చేరిన తేదీ రాయించి సంతకం చేయించుకోండి. విద్యార్థులైతే యూనివర్సిటీ నుంచి ఇలాంటి లేఖే అడగండి. కరెంటు, గ్యాస్ బిల్లులైతే సాధారణంగా గత 3 నెలల్లోవే అడుగుతారు, పైగా అవి మీ పేరు మీదే ఉండాలి.

జర్మనీలాంటి దేశాల్లో ఇంట్లో దిగిన 2 వారాల్లోగా స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువీకరణ కావాలి. అందుకే గది మాట్లాడుకునేటప్పుడే ఆ సంతకం పెడతారా అని అడగండి. పెట్టనంటే గది ఎంత చవకైనా వదిలేయడమే మంచిది.

ఇంకో చిన్న పని: ఉత్తరాల డబ్బా మీద మీ పేరు అంటించండి. కార్డు ఒక కవర్లో, పిన్ ఇంకో కవర్లో వేర్వేరుగా పోస్టులో వస్తాయి. డబ్బా మీద పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ వాటిని వెనక్కి పంపేయవచ్చు.

2. పేరు అన్నిచోట్లా ఒకేలా ఉందా?

పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ కింద బాణం గుర్తులతో 2 వరుసలుంటాయి. యంత్రం చదివేది వాటినే. ఇంటిపేరు, అసలు పేరు ఆ వరుసల్లో ఏ క్రమంలో ఉన్నాయో అదే క్రమంలో దరఖాస్తు నింపండి. రెసిడెన్స్ పర్మిట్‌లో (ఆ దేశంలో ఉండటానికిచ్చే అనుమతి పత్రం), ఉద్యోగ ఒప్పందంలో ఒక్క అక్షరం తేడా ఉన్నా, బ్యాంకుకు వెళ్లేముందే దిద్దించుకోండి.

3. మీ హక్కేమిటో తెలుసుకుని వెళ్లండి

యూరోపియన్ యూనియన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న ఎవరికైనా ప్రాథమిక ఖాతా (కనీస బ్యాంకు సేవలుండే ఖాతా) పొందే హక్కును 2014 నాటి డైరెక్టివ్, అంటే సభ్యదేశాలు అమలు చేయాల్సిన ఈయూ చట్టం, ఇచ్చింది. పూర్తి దరఖాస్తు అందాక 10 పనిదినాల్లోగా బ్యాంకు ఖాతా తెరవాలి లేదా నిరాకరించాలి. నిరాకరిస్తే సాధారణంగా కారణాన్ని రాతపూర్వకంగా చెప్పాలి. నోటిమాటతో పంపేస్తే ఆ కాగితం అడిగి తీసుకోండి, ఫిర్యాదుకు అదే ఆధారం. కెనడాలో సరైన గుర్తింపు పత్రాలుంటే ఉద్యోగం లేకపోయినా, తొలి డిపాజిట్ వేయకపోయినా ఖాతా తెరవవచ్చు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ నంబర్ (అక్కడి ప్రభుత్వమిచ్చే గుర్తింపు సంఖ్య) లేని విదేశీయుల నుంచి పాస్‌పోర్టు నంబర్ తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. అయితే కొన్ని బ్యాంకులు సొంత షరతులు పెడతాయి కాబట్టి రెండు మూడు చోట్ల కనుక్కోండి.

4. పన్ను ఫారం జాగ్రత్తగా నింపండి

పౌరసత్వం వేరు, పన్ను నివాసం (పన్ను లెక్కల్లో మీరు ఏ దేశ నివాసి అన్నది) వేరు. ఫారంలో అడిగేది ప్రధానంగా రెండోది. రెండు దేశాల్లో పన్ను నివాసం ఉంటే రెండూ రాసి, రెండు పన్ను నంబర్లూ ఇవ్వాలి. కొత్త నంబర్ ఇంకా రాకపోతే ‘దరఖాస్తు చేశాను’ అని రాసి, రాగానే పంపండి.

5. వీడియో ద్వారా గుర్తింపు

కొన్ని బ్యాంకులు బ్రాంచికి రప్పించకుండా వీడియో కాల్‌లోనే మీ ముఖం, పాస్‌పోర్టు చూస్తాయి. అప్పుడు వెలుగు మీ ముఖం మీద పడేలా కూర్చోండి. నెత్తిమీద లైటు ఉంటే పాస్‌పోర్టు ప్లాస్టిక్ మెరిసి అక్షరాలు కనపడవు. హోలోగ్రామ్ (వంచితే మెరిసే ముద్ర) కనిపించేలా పాస్‌పోర్టును మెల్లగా వంచమంటారు. కొన్ని దేశాల పాస్‌పోర్టులను ఈ పద్ధతిలో తీసుకోరు, అప్పుడు నేరుగా బ్రాంచికే వెళ్లాలి.

6. ఖాతా తెరిచాక

మొదట చిన్న మొత్తం పంపి చూసుకుని, ఆ తర్వాతే జీతానికి ఖాతా నంబర్ ఇవ్వండి. పర్మిట్ పొడిగించిన ప్రతిసారీ కొత్త కాపీ బ్యాంకుకు పంపండి. లేకుంటే ఉన్నట్టుండి ఖాతా స్తంభించవచ్చు.

‘మీ ఖాతాలో డబ్బు వేస్తాం, కొంత ఉంచుకుని మిగతాది ఫలానా చోటికి పంపండి’ అని ఎవరు అడిగినా ఒప్పుకోకండి. అది దొంగసొమ్ము దాటించే పద్ధతి. కొత్తగా వచ్చినవాళ్లకే ఇలాంటి ఎర ఎక్కువగా వేస్తారు. ఖాతా మూతపడటమే కాదు, కేసు, వీసా చిక్కులూ మీ మెడకే చుట్టుకుంటాయి.

దేశం విడిచి వెళ్లేటప్పుడు ఇంటి అడ్వాన్సు, పన్ను రీఫండ్ చేతికొచ్చేదాకా ఖాతా మూసేయకండి. కొత్త చిరునామా, ఫోన్ నంబర్ బ్యాంకులో ముందే మార్పించండి. పాత సిమ్ ఆగిపోతే ఓటీపీ రాక, ఖాతాలో డబ్బున్నా తీసుకోలేరు.